ఎరుక చెప్పబడును

నాకు కోపమెక్కువ. ఇది నేను దాచుకున్న సంగతి కాదు, దాచినా దాగేది కాదు. అనంతపురం చుట్టుపక్కల బడుల్లో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. నేను వరండాలో నడుస్తుంటే పక్క తరగతి పిల్లలు కూడా గప్‌చుప్‌ అయిపోయేవారు. అలాంటి నేను బుక్కరాయసముద్రంలో మా మేడ మీద గదిలో మనశ్శాంతి తరగతులు మొదలుపెట్టానంటే వీధివాళ్ళు నవ్వుకోవడంలో తప్పు లేదు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని ఎదురింటామె నా చెవిన పడేటట్టే అంది.

ఈ దారిలోకి నన్ను తోసింది రక్తపోటు. మాత్రలు రాసిచ్చిన డాక్టరు, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవడం అలవాటు చేసుకోమన్నాడు. మొదట ఫోన్లో విని కూర్చున్నాను. తర్వాత బెంగళూరు పక్కన జరిగిన ఒక శిబిరానికి వెళ్ళాను. అక్కడ ఒక పొద్దున, నా వెనకాల కూర్చున్న మనిషి ఆపకుండా దగ్గుతుంటే, నా కడుపులో ఒక వేడి లేచి చెవుల దాకా పాకడం చూశాను. నోరు తెరవకముందే చూశాను. కోపానికి ముందు వచ్చే దాన్ని చూడడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ తర్వాత కోపం రానే వచ్చింది గానీ, వచ్చిన చుట్టంలా కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. ఆ పూట నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఇంత దగ్గరున్న దాన్ని చూడలేదే అనిపించింది. ఇక్కడ నేను దేన్ని ఎగతాళి చేసినా ఆ పొద్దును మాత్రం చేయను.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. నేర్చుకున్నది ఊరికే ఉంచుకోక, నేర్పడం ఎలాగో నేర్పే ఇంకో శిబిరానికి కూడా వెళ్ళాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. అక్కడ ముఖ్యంగా నేర్పింది గొంతు. గొంతు తగ్గించాలి, మాటకీ మాటకీ మధ్య ఆగాలి, చివరి అక్షరాన్ని గాలిలో వదిలేయాలి. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకూడదు, ‘ఆ ప్రశ్నతో కాసేపు కూర్చోండి’ అనాలి. మాకు నేర్పినాయన ఇంగ్లీషులో చెప్పేవాడు. ఆ మాటల్ని నేను తెలుగులోకి మార్చుకుని, ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి సాధన చేశాను. తేనెలో ముంచి తీసిన ఆ గొంతు నాది కాదని నాకు తెలుస్తూనే ఉండేది. కానీ ఆ గొంతుతో మాట్లాడుతుంటే నేను కూడా మంచిదాన్నే అనిపించేది.

తరగతులకు పేరు పెట్టాల్సి వచ్చింది. అందరూ ఇంగ్లీషు మాట పెట్టమన్నారు. తెలుగు చెప్పి తెల్లబడిన తలలో ఆ మాట దూరదు. ధ్యానం అంటే దేవుడు అనుకుంటారు. ఆలోచించి ఆలోచించి ‘ఎరుక’ అని పెట్టాను. ఎరగడం, తెలివిడితో ఉండడం, లోపల ఏం జరుగుతోందో కనిపెట్టుకుని ఉండడం. ఇంత చక్కటి మాట ఇంట్లో పెట్టుకుని అప్పుకు పోతారేమని శిష్యుల ముందు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎరుక అంటే ఇంకోటి కూడా ఉందని నాకు తెలియదా? బుట్ట చంకన పెట్టుకుని, ఎరుక చెబుతానమ్మా ఎరుక అంటూ వీధుల్లో తిరిగి జాతకం చెప్పే ఆడవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. అయినా చదువుకున్న అర్థమే ముందొస్తుందని ధీమా.

ఫ్లెక్సీ కొట్టాయనకు కాగితం మీద ‘ఎరుక నేర్పబడును’ అని రాసిచ్చాను. ఆయన ‘ఎరుక చెప్పబడును’ అని వేసి, కింద చెయ్యెత్తిన నా ఫొటో పెట్టి పంపించాడు. నేను అరిచిన అరుపుకు ఆయన బెదరలేదు. ఓపిగ్గా చెప్పాడు.

“నేర్పేది యాడన్నా ఉంటాదా మేడం? ఎరుక చెప్తారు గానీ.”

నేను తప్పు రాసినట్టూ, ఆయన దిద్దినట్టూ ఉంది వ్యవహారం. మర్నాడే ప్రారంభం, మళ్ళీ వేయించే వ్యవధి లేదు. ‘చెప్ప’ మీద ‘నేర్ప’ అని కాగితం ముక్క అతికించి వేలాడదీశాం. మా ప్రాంతంలో ఆషాఢం గాలి సంగతి తెలిసినవాళ్ళకు ఆ ముక్క ఏమైందో చెప్పనక్కర్లేదు.

శిష్యులు కొద్దిమందే. బ్యాంకులో పనిచేసే ఒకాయన, మా వీధిలో ఆడవాళ్ళు కొందరు. ‘ఈ క్షణంలో ఉండండి’ అని నేను తేనెగొంతుతో అంటే బ్యాంకాయన కళ్ళు తెరిచి, ఇంకెక్కడుంటాం మేడం అని అమాయకంగా అడిగేవాడు. నేను చిరునవ్వు నవ్వి, ఆ ప్రశ్నతో కాసేపు కూర్చోండి అనేదాన్ని. లోపల మాత్రం చాక్‌పీసు విసరాలనిపించేది.

అలా నడుస్తుండగా, తొలకరి వాన ఒకటి పడి వెలిసిన మరుసటి పొద్దున, తరగతి మధ్యలో ఒకామె మెట్లెక్కి వచ్చింది. నలభై దాటి ఉండవు. చేతిలో చాట, చాటలో బియ్యం, బియ్యం మీద ఆకూ వక్కా, పసుపు కొమ్ము. అందరూ కళ్ళు మూసుకుని ఉండడం చూసి, చాట ముందు పెట్టుకుని తనూ ఒక మూల కూర్చుంది. నాకు సంగతి అర్థమైపోయింది. అయినా తరగతి చెడగొట్టలేక, కళ్ళు మూసుకోండమ్మా అన్నాను. ఆమె భక్తిగా మూసుకుంది. చివరి దాకా కదల్లేదు. మిగతావాళ్ళందరి కంటే ఆమే బాగా కూర్చుంది, ఎందుకంటే ఆమెకు అవసరముంది.

అందరూ వెళ్ళాక చాట నా ముందుకు జరిపింది. ఇది ఆ ఎరుక కాదమ్మా, వేరే ఎరుక అన్నాను. ఎరుకలో కూడా రెండు రకాలుండాయా అని ఆశ్చర్యపోయింది గానీ లేవలేదు. తన కష్టం చెప్పుకుంది.

వాళ్ళది శింగనమల వైపు పల్లె. వర్షం మీద ఆధారపడ్డ చేను. నిన్న పడ్డ వానకు నేల పదునైంది, అంటే విత్తనం మొలకెత్తేంత తడి పట్టింది. భర్త ఇవాళో రేపో శెనక్కాయ విత్తాలంటున్నాడు. ఆమె వద్దంటోంది. ఇంట్లో ఉన్న విత్తనం ఒక్కసారికే వస్తుంది. పోయిన ఏడాది ఇలాగే మొదటి వానకు వేశారు. మొలిచింది, రెండో వాన రాలేదు, కళ్ళముందే మాడిపోయింది. అప్పుడు ఇద్దరూ బెంగళూరు పోయి, కడుతున్న మేడల పక్కన పట్టల గుడిసెలో ఉండి ఇటుకలు మోశారు. ఆ గుడిసెలోకి మళ్ళీ పోలేనని ఆమె అంది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూడలేదు, బియ్యంలో వేలు పెట్టి గీతలు గీసింది.

భర్త మాటా కొట్టిపారేసేది కాదు. ఆగితే అదను దాటిపోతుంది. ఆలస్యంగా వేసిన శెనక్కాయ ఊడలు నేలలోకి దిగే వేళకు వాన లేకపోతే చెట్టు తప్ప కాయ ఉండదు. ఇద్దరిదీ న్యాయమే. మబ్బు పట్టినప్పటి నుంచీ, మూడు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ, ఆమె మాట ఆయన చెవిన వేసుకోవడం లేదు.

నేను శిక్షణలో నేర్చుకున్న గొంతు బయటికి తీశాను. ఈ ప్రశ్నతో కాసేపు కూర్చో అమ్మా అన్నాను. చెప్పి, కిందికి దిగి, స్నానం చేసి, ఉప్మా తిని, బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి చూద్దును కదా, ఆమె అక్కడే కూర్చుని ఉంది.

“కూచున్నా టీచరమ్మా. ఇంగ ఏం చేయాల?”

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. ఏ దేశంలోనో ఎవరో ఎవరితోనో అన్న మాటను నేను తెలుగు చేసి ఈమె నెత్తిన పెట్టాను. మన ఊళ్ళో కూర్చోమంటే కూర్చుంటారు. ఎంతసేపైనా కూర్చుంటారు, ఆసుపత్రుల దగ్గరా ఆఫీసుల దగ్గరా వాళ్ళకు అదే అలవాటు చేశాం. కూర్చోమన్న మనిషి దగ్గర తర్వాత చెప్పడానికి ఏదో ఉంటుందని నమ్ముతారు. నా దగ్గర ఏమీ లేదు.

ఫ్లెక్సీ తప్పుగా పడిందనీ, నాకు జాతకాలు రావనీ, అసలైన ఎరుక చెప్పే ఆమె అనంతపురం పాతూరు వైపు ఉంటుందనీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. అప్పుడామె అసలు సంగతి బయటపెట్టింది. బస్సులో పోతూ మా ఫ్లెక్సీ చూసి ఆమె భర్త నా ఫొటో గుర్తుపట్టాడట. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నాడట.

“నువ్వు అబద్ధం చెప్పే మనిషి కాదంట, మా ఆయన చెప్పినాడు. అందుకే నీ దగ్గరికొచ్చినా. విత్తొద్దని ఎరుకలో వచ్చిందని ఒక్క మాట చెప్పు, చాలు.”

నేను అబద్ధం చెప్పనని పేరు కాబట్టి నాతో అబద్ధం చెప్పించడానికి వచ్చింది. కోపం రావాల్సింది, రాలేదు. నవ్వూ రాలేదు. ఆమెకు వాన గురించి నా నుంచి తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. ఆమె మనసులో ఉన్న మాటకు ఇంకొకరి గొంతు కావాలి. నేను కూడా పొద్దునపూట చేస్తున్నది అదే కదా అని గుర్తొచ్చి సిగ్గేసింది. నా మాటలకు నేనూ ఎవరి గొంతో తెచ్చిపెట్టుకున్నాను.

నీ మొగుడితో నేనే మాట్లాడతా పద అన్నాను. ఏం మాట్లాడాలో నాకు తెలియదు. పమిట సర్దుకుని ఆమెతో బస్సెక్కాను. దారి పొడుగునా ఎర్రనేల తడిసి ముదురురంగులో ఉంది. కొన్ని చేలల్లో అప్పుడే విత్తుతున్నారు. వాళ్ళను చూసినప్పుడల్లా ఆమె చాటను ఒళ్ళోకి ఇంకొంచెం లాక్కునేది.

మేము వెళ్ళేసరికి ఆయన ఇంటి ముందు గోనెపట్ట మీద విత్తనాలు ఆరబోసి, పుచ్చులు ఏరుతున్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను చూడగానే లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడం నేను నేర్పించిందే. పేరు గుర్తు రాలేదు గానీ ముఖం గుర్తొచ్చింది. ‘పోతాండా’ అని రాసి నా చేత ఎర్రసిరాతో ‘పోతున్నాను’ అని దిద్దించుకున్న వందలాది ముఖాల్లో అదొకటి.

నేను అలవాటు కొద్దీ తేనెగొంతుతో మొదలుపెట్టాను. నాయనా, మనసు నెమ్మదిగా ఉంచుకుని, ఈ క్షణంలో... అని ఇంకా ఏదో అనబోతుండగా ఆయన కంగారుగా ఒక అడుగు ముందుకేశాడు.

“టీచర్, ఒంట్లో బాగలేదా?”

ఆయన భార్య వెంటనే నీళ్ళు తెచ్చింది. తాగక తప్పలేదు. తాగి చెంబు కింద పెట్టేటప్పటికి ఆ గొంతు ఎటు పోయిందో పోయింది, నా పాత గొంతు వచ్చేసింది. బాగానే ఉన్నాను, కూర్చోరా అని కసిరాను. ఆయన ముఖం తేటపడింది. కూర్చోలేదు గానీ, ధైర్యం తెచ్చుకుని అడిగాడు.

“మా ఆడమనిషి మీ దగ్గర ఎరుక అడిగేకి పోయిందని తెలుసు టీచర్. ఏమొచ్చింది? మీరు వద్దంటే వద్దు. మీ మాట ఎప్పుడన్నా కాదన్నానా?”

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఒక్క మాట. వద్దు అంటే చాలు, ఆ విత్తనం మూటలోకి పోతుంది. ఆమె పట్టల గుడిసెకు పోకుండా తప్పవచ్చు. ఆగినందుకు అదను దాటితే కాపు పోనూవచ్చు, నా మాట వల్ల. విత్తమన్నా అంతే. ఇద్దరు మనుషుల ఏడాది బతుకు నా నాలుక మీద ఉంది. నా దగ్గర ఉన్నది, బెంగళూరు పక్కన దగ్గు వింటూ సంపాదించిన ఆ కాస్త మాత్రమే. కడుపులో వేడి లేవడం చూశాను. ఈసారి అది కోపం కాదు, భయం. ఏదో ఒకటి చెప్పి పెద్దదాన్ననిపించుకోవాలన్న తొందర కూడా దాని వెనకే వచ్చింది. దాన్నీ చూశాను.

“నాకు తెల్దప్పా,” అన్నాను. “వాన వస్తాదో రాదో నాకు తెల్దు. ఎరుకలో ఏమీ రాలేదు.”

ఆ ‘తెల్దు’ నా నోట్లోంచే వచ్చిందని నాకు రెండోసారి అన్నాక గానీ తెలియలేదు. ఆయన బిత్తరపోయాడు. టీచరుకు తెలియకపోవడం ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. చూపించి ఉండను కూడా. ఆమె ముఖం మాడిపోయింది. చాటను గోడకు ఆనించి, తలుపు దగ్గర నిలబడింది. ఇంత దూరం బస్సు మీద తీసుకొచ్చింది ఇందుకా అని ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.

ఆయన కట్టుకున్న చేతులు మెల్లగా విప్పాడు. ఆకాశం వైపు చూశాడు, విత్తనాల వైపు చూశాడు, నా వైపు ఇంకోసారి చూశాడు. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. అప్పుడు తలుపు వైపు తిరిగాడు.

“నువ్వేమంటావు?”

ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది, లోపల ఎవరన్నా ఉన్నారేమోనని. మూడు రోజులుగా అరిచి చెప్పిన మాటే ఇప్పుడు అడిగాడు. ఆమె వద్దు అనలేదు. నాకూ తెల్దు, భయమైతాంది, అంతే అంది. అని ఏడ్చింది. ఆయన గోనెపట్ట అంచున చతికిలబడి, గుప్పెడు విత్తనాలు తీసి మళ్ళీ వదిలేశాడు. తనకూ భయంగానే ఉందని, తొందర పడుతున్నది కూడా అందుకేనని నేలను చూస్తూ చెప్పాడు. ఆ తర్వాత ముగ్గురం పుచ్చులు ఏరుతూ కూర్చున్నాం. శ్వాసను గమనించమని నేను ఎవరికీ చెప్పలేదు. ఇంకో నాలుగు దినాలు చూస్తామని చివరికి వాళ్ళిద్దరే అనుకున్నారు. ఆమె ఆ చాటలో బియ్యమే పొయ్యి మీద పెట్టి నాకు అన్నం వండింది. పచ్చడి కారానికి నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి, అందుకు ఇద్దరూ నవ్వారు.

తరగతులు మానలేదు. గొంతు మాత్రం మానేశాను. మర్నాడు, నడుం నిటారుగా పెట్టి కూర్చోండి, కళ్ళు మూసుకోండి, నిద్రపోతే లేపుతా అని బడిలో చెప్పినట్టే చెప్పాను. మా వీధి ఆడవాళ్ళలో ఇద్దరు, ఇంతకు ముందున్న ప్రశాంతత లేదని మానుకున్నారు. బ్యాంకాయన ఉన్నాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే తెలిస్తే చెబుతున్నాను, తెలియకపోతే తెలియదంటున్నాను. చాలాసార్లు తెలియదనే అంటున్నాను. ఫ్లెక్సీ మార్చలేదు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు తప్పిపోయిన మేక గురించి అడగడానికి వస్తుంటారు.

నేల తడి ఆరిపోయి, వాళ్ళు ఆగిన నాలుగు రోజులు కాస్తా పది రోజులు దాటాయి. నాకు పొద్దున్నే కళ్ళు మూసుకోబుద్ధి కాలేదు. ఇవాళ ఊపిరి కాదు, మబ్బును చూద్దాం అని తరగతి మొత్తాన్నీ మేడ మీద నిలబెట్టాను. చెరువు మీదుగా మబ్బు వచ్చేది, గాలి దాన్ని తోసుకుపోయేది. నా వల్లే ఆగారు, నా వల్లే అదను పోతుంది అనుకుంటూ ఉండేదాన్ని. శింగనమల బస్సు కనిపిస్తే తల తిప్పుకునేదాన్ని.

వాన చివరికి పడింది. పంట చేతికొచ్చేనాటికి ముందు విత్తినవాళ్ళ చేలు కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. ఆగి విత్తినవాళ్ళవీ అంతే. వీళ్ళకు విత్తనం తిరిగొచ్చి, పైన కొద్దిగా మిగిలింది. బెంగళూరు పోలేదు. ఎవరు చెప్పింది సరైనదో ఇప్పటికీ ఎవరికీ ఎరుక లేదు. అయినా నాకు గుర్తుండేది ఆ లెక్క కాదు. ఆ వాన మొదలైన మధ్యాహ్నం.

మా ఊళ్ళో ఎండ కాస్తోంది. నేను మేడ మీద వడియాలు తీస్తున్నాను. ఫోను మోగింది, ఆ రోజు వస్తూ రాసుకున్న ఆమె నంబరు. విషయం ఏమై ఉంటుందోనని భయపడుతూనే ఎత్తాను. ఆమె పలకరించలేదు. ఏదో గరగరమంటోంది, ఫోను చెడిందేమో అనుకున్నాను. గట్టిగా అరిచాను, ఏమ్మా, ఏమైందమ్మా అని. మళ్ళీ అరవబోతూ, కడుపులో ఆ వేడి లేవడం చూసి ఆగాను. అప్పుడు వినిపించింది. రేకుల మీద వాన. ఫోను చెయ్యి చాచి వానలోకి పట్టుకుని నిలబడింది ఆమె.

ఎంతసేపు విన్నానో తెలియదు. కాళ్ళ కింద మేడ కాలుతోంది, చెప్పులు వేసుకోలేదని కూడా తోచలేదు. తర్వాత ఆమె ఫోను చెవి దగ్గరికి తెచ్చుకుంది.

“వింటాండావా టీచరమ్మా?”

“వింటాండా,” అన్నాను.